ఆ సీటు వద్దు పెద్దమ్మా

సత్యప్రియకు సత్రపట్టిలో ఉద్యోగం. ఆసుపత్రులకు గాయాల కట్టుగుడ్డ చేసి పంపే కంపెనీలో సరుకు తనిఖీ చేసే సెక్షన్ ఆమెది. జూన్‌లో స్కూళ్ళు తెరిచిన వారానికే ఆమె షిఫ్టు మార్చినారు. పొద్దున కూతురు దర్శినిని స్కూల్లో దించి పోవచ్చు గానీ, మధ్యాహ్నం స్కూలు విడిచే వేళకు రావడం కుదరదు. భర్త రాజకుమార్ తళవాయిపురం స్కూల్లో లెక్కలు చెప్పే వాత్తియార్. బస్సులో పోయి బస్సులో వచ్చే మనిషి, చీకటి పడే ముందు ఇల్లు చేరితే గొప్ప. స్కూలు వ్యాన్‌లో పిల్లలు ఒకరి ఒళ్ళో ఒకరు కూచుని పోవడం సత్యప్రియ కళ్ళారా చూసింది. నాలుగేళ్ళ పిల్లను అందులో ఎక్కించడానికి మనసు ఒప్పలేదు.

ఆ కవల, ఆ దిగులు విని వెనక వీధి మంగళమ్మ తానుగా వచ్చింది. రాజుల ఇంటి ఆడమనిషి. అరవై దగ్గర పడుతున్నాయి. పిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళు చేసినాక, ఇంట్లో అందరూ నవ్వుతుంటే లెక్క చేయకుండా కారు నేర్చుకుంది. ఇప్పుడు కొడుకూ కోడలూ మిల్లు పనిలో ఉంటే, మనవడు వీరరాఘవను స్కూలుకు తీసుకుపోయి తెచ్చేది ఆమే. మూడో క్లాసు పిల్లవాడు, అందరికీ రఘు.

"దీనికెందుకు ఇంత కవల సత్యా? పొద్దున నువ్వు మా రఘును కూడా ఎక్కించుకుని పో. మధ్యాహ్నం ఇద్దరినీ నేను తెస్తా. నీకు ఒక పని తగ్గుతుంది, నాకొకటి తగ్గుతుంది."

సత్యప్రియకు ప్రాణం లేచొచ్చినట్టయింది. అయినా ఒక మాట అడగాల్సి ఉంది. తన కారులో దర్శినికి పిల్లల కోసమే చేసిన వేరే సీటు ఉంది. కారు వెనక సీటు సందులో ఇనుప కొక్కేలు ఉంటాయి, వాటికి తగిలించే రకం. మంగళమ్మ తెల్ల కారు పాతది, దానికి ఆ కొక్కేలు లేవు.

"పెద్దమ్మా, తప్పుగా అనుకోవద్దు. మీ బండిలో కూడా పాపకు ఒక సీటు పెట్టుకోవాల. నేనే చూసి కొంటాను."

"సీటా? రెండు మైళ్ళకా? రఘు పక్కన కూచుని పట్టుకుంటాడు. లేదంటే ముందర నా పక్కన కూచోబెట్టుకుంటా."

"ముందర వద్దు పెద్దమ్మా."

"నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదని చెప్పు."

"మీ మీద ఉంది. ఎదురొచ్చే వాళ్ళ మీద లేదు."

మంగళమ్మ ఆమె వంక చూసి గట్టిగా నవ్వేసింది. "సరి సరి, అది న్యాయమే. తెన్‌కాశి రోడ్డులో మినీ బస్సు తోలేవాళ్ళను చూస్తే నాకూ నమ్మకం లేదు." వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది. "అయ్యో, కొనడమెందుకు? మా ఇంట్లోనే ఒకటి ఉంది కదా! రేపు తెస్తా ఉండు."

మరునాడు శనివారం. మంగళమ్మ సీటును తానే మోసుకుని వచ్చింది. నీలం రంగు సీటు, మంచి కంపెనీది. కొక్కేలు అక్కర్లేదు, కారు బెల్టుతోనే బిగించే రకం. గుడ్డ విప్పి ఉతికి, మేడ మీద ఎండబెట్టి, మళ్ళీ తొడిగింది. తలకు ఆనుకునే చోట చిన్నగా కుంకుమ బొట్టు పెట్టింది.

"మా జనని కొడుకుది," అంది. జనని ఆమె కూతురు, కోయంబత్తూరులో ఉంది. "పోయిన ఏడు వాళ్ళ కారును లారీ వాడు వెనకనుంచి గుద్దినాడు చూడు, అప్పుడు పిల్లవాడు ఇందులోనే ఉన్నాడు. కారు వెనక భాగమంతా నలిగిపోయింది. పిల్లవాడికి ఒక్క గీత పడలేదు! ఒక్క గీత! అంత రాశి అయిన, కలిసొచ్చిన సీటు సత్యా ఇది. వేరే వాళ్ళకైతే ఇచ్చే దాన్ని కాదు."

సత్యప్రియ రెండు చేతులతో అందుకుంది. ఆమెకు నిజంగానే కళ్ళు చెమ్మగిల్లినాయి. ఆ వీధిలో ఎన్నో ఏళ్ళుగా ఉన్నా రాజుల ఇళ్ళలో తమకు మర్యాదే తప్ప చనువు లేదు. తమది పంట పొలాల మీద బతికిన నాయకర్ల కుటుంబం. మంగళమ్మ ఇంట్లో దాచుకున్న వస్తువు తెచ్చి తన పిల్లకు ఇవ్వడం ఆమెకు చిన్న సంగతి కాదు.

సాయంత్రం దర్శినిని కూచోబెట్టి చూసింది. భుజాల పట్టీలు కిందికి ఉన్నాయి. వాటిని పైకి ఎట్లా జరపాలో తెలియలేదు. జననిని అడిగితే పోతుందని ఫోను చేసింది. జనని స్కూల్లో ఆమెకంటే ఒక క్లాసు పైన చదివింది.

"జననక్కా, నేను సత్యను. అమ్మ నీ కొడుకు సీటు ఇచ్చినారు. దాని పట్టీలు పైకి ఎట్లా—"

"ఏ సీటు?"

"నీలం రంగుది."

"అది ఇంకా ఉందా? అమ్మ దగ్గరా?"

"అవును. ఎందుకక్కా?"

"సత్యా, దాన్ని వాడొద్దు. యాక్సిడెంట్లో ఉన్న సీటు అది. కంపెనీకి ఫోను చేసి అడిగినాను అప్పుడే. ఒక పెద్ద దెబ్బ తిన్న తర్వాత అది పైకి బాగానే ఉంటుందట, లోపల ఎక్కడ చీలిందో ఎవరికీ తెలియదట. పట్టీలు కత్తిరించి పారేయమన్నారు, ఇంకొకరు ఎత్తుకుపోయి వాడకుండా. నేను పారేయడానికే బయట పెట్టినాను. నెల తర్వాత అమ్మ వచ్చేసరికి ఇంకా అక్కడే ఉంది. నేను పారేస్తా పో అంది. ఊరికి మోసుకుపోయిందని నాకు తెలియదు."

సత్యప్రియ దర్శినిని సీట్లోనుంచి దించింది.

"నేను అమ్మతో మాట్లాడతా," అంది జనని.

"వద్దక్కా. నాకు ఇచ్చినారు కదా, నేనే చెప్తా."

ఫోను పెట్టేసి సీటు గుడ్డ మొత్తం విప్పింది. వెనకవైపు ప్లాస్టిక్ మీద జానెడు పొడవు తెల్లటి గీత ఉంది. గోరుతో గీకి చూసింది. అది గీతో చీలికో తెలియలేదు. రాజకుమార్ టార్చి పట్టి చూసినాడు. ఆయనకూ తెలియలేదు.

"ఏమీ కాలేదేమో," అన్నాడు.

"అయిందేమో."

కంపెనీలో ఆమె పని అదే. స్టెరైల్ చేసిన కట్టు ప్యాకెట్టు ఒకసారి తెరుచుకుంటే లోపలి గుడ్డ ఎంత తెల్లగా ఉన్నా పక్కన పడేస్తారు. బాగానే ఉంది కదా అని ఎవరైనా కొత్తగా చేరిన అమ్మాయి అడిగితే, బాగుందని నీకెట్లా తెలుసు అని ఆమే అడుగుతుంది. ఇక్కడ మాత్రం ఆ మాట నోటికి రావడం కష్టంగా ఉంది.

"పెద్దమ్మ నొచ్చుకుంటారు," అంది.

"నిజం చెప్పేదెందుకు? పాప కూచోలేదు, మెడకు గుచ్చుకుంటుందని చెప్పు. ఎవరికీ కష్టం ఉండదు," అన్నాడు రాజకుమార్.

ఆదివారం పొద్దున మంగళమ్మ రాగానే సత్యప్రియ అదే చెప్పింది. మాటలు చెప్తున్నంతసేపూ నేల చూసింది. పట్టీ పాప మెడకు ఒరుసుకుంటూ ఉంది, ఏడుస్తూ ఉంది, అందుకని వేరేది చూద్దామనుకుంటున్నాము అంది.

"అంతేనా! దానికి నేను చూస్తా," అని మంగళమ్మ వెళ్ళిపోయింది.

సాయంత్రానికి తిరిగి వచ్చింది. చేతిలో రెండు చిన్న మెత్తటి తొడుగులు. పాత పత్తిచీర చింపి, లోపల దూది పెట్టి, మిషన్ మీద కుట్టి, పట్టీలకు తొడిగి బొత్తాము వేసేట్టుగా చేసింది. అంచులకు దర్శినికి ఇష్టమని ఎర్ర లేసు కూడా వేసింది.

"ఇప్పుడు కూచోబెట్టు, ఏడుస్తుందేమో చూస్తా."

దర్శిని ఎగురుకుంటూ పోయి సీట్లో కూచుంది. ఏడవలేదు. తొడుగుల లేసును వేళ్ళతో సవరించుకుంటూ నవ్వింది. మంగళమ్మ ముఖం వెలిగిపోయింది. సత్యప్రియ ఇక తట్టుకోలేకపోయింది.

"ఆ సీటు వద్దు పెద్దమ్మా."

"ఏం? కూచుంది కదా?"

"మెడకు గుచ్చుకుంటుందన్నది అబద్ధం. జననక్కతో మాట్లాడినాను. యాక్సిడెంట్లో ఉన్న సీటు మళ్ళీ వాడకూడదట."

మంగళమ్మ ముఖం మారింది. "జననికి పిచ్చి. నాతో కూడా అన్నది, పారేయాలని. నా మనవడి ప్రాణం కాపాడిన వస్తువును చెత్తకుండీలో వేస్తారా ఎవరైనా? అది మా పిల్లవాణ్ణి కాపాడింది సత్యా."

"అందుకే పెద్దమ్మా. దాని పని అది చేసేసింది. ఇంకోసారి చేస్తుందో లేదో తెలియదు. బాగుందని నాకు ఎవరూ చెప్పలేరు."

"అంటే, నీ పిల్లకు పనికిరానిది తెచ్చి ఇచ్చినానని అంటున్నావు."

"అట్లా అనలేదు—"

"పొద్దున అబద్ధం చెప్పినావు. నేను కూచుని పగలంతా కుట్టినాను." మంగళమ్మ దర్శినిని సీట్లోనుంచి లేపింది. సీటు ఎత్తి నడుముకు ఆనించుకుంది. రాజకుమార్ మోస్తానని ముందుకు వచ్చినాడు. ఆమె ఆయన వంక చూడలేదు కూడా.

సోమవారం పొద్దున రఘు కోసం సత్యప్రియ వెనక వీధిలో కారు ఆపింది. తలుపు తెరుచుకోలేదు. కాసేపటికి కోడలు బయటికి వచ్చి, "అత్తమ్మ తానే తీసుకుపోతానన్నారు అక్కా," అని నసిగింది.

ఆ వారమంతా సత్యప్రియ మధ్యాహ్నం పర్మిషన్ అడిగి వచ్చింది. సూపర్‌వైజర్ అళగర్‌సామి మంచివాడే. అయినా మూడోసారి అడిగినప్పుడు కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టినాడు. "రోజూ ఇట్లానే అయితే నేను మేనేజరుకు ఏం చెప్పేదమ్మా? ఏదో ఒక దారి చూసుకో." ఆమె తల ఊపింది. కారులో వస్తూ ఏడ్చింది. స్కూలు గేటు దగ్గర మంగళమ్మ తెల్ల కారు నిలబడి ఉంటే, ఆమె కారు ఇంకో పక్క ఆపుకుంది. రఘు చేయి ఊపినాడు. మంగళమ్మ అద్దం ఎత్తేసింది.

రాజకుమార్ ఒకటే అన్నాడు: "నా మాట విని ఉండకూడదు నువ్వు." కానీ అబద్ధం చెప్పిన నోరు తనదేనని సత్యప్రియకు తెలుసు.

అసలు నిజం చెప్పి ఉంటే మంగళమ్మ ఒప్పుకునేదా అంటే, అదీ చెప్పలేము. ఆ ఆదివారం ఆమె తన ఇంటికి పోయి సీటును అల్మారా పక్కన పెట్టి, కూతురికి ఫోను చేసి బాగా తిట్టింది. నా ముఖం ఎక్కడ పెట్టుకోను, ఊళ్ళో వాళ్ళతో నా మీద చెప్తావా అంది. జనని విన్నంతసేపు విన్నది. ఫోను పెట్టేసింది. మూడు రోజులు తల్లీ కూతుళ్ళకు మాటల్లేవు.

గురువారం జనని తానే ఫోను చేసింది.

"అమ్మా, ఒక ఫోటో పంపినా, చూడు. అప్పుడు నీకు చూపించలేదు. నువ్వు బీపీ మనిషివి, భయపడతావని."

మంగళమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. ఆసుపత్రి మంచం మీద చొక్కా లేకుండా జనని కొడుకు. రెండు భుజాల మీదినుంచి పొట్టదాకా రెండు పట్టీల అచ్చు. పట్టీ అంత వెడల్పున, నల్లబడిన నేరేడుపండు రంగులో. కుట్టు దారాల వరసలు కూడా చర్మం మీద తెలుస్తున్నాయి. పిల్లవాడు మాత్రం కెమెరా వంక చూసి నవ్వుతున్నాడు.

"గీత కూడా పడలేదన్నావు కదే," అంది మంగళమ్మ.

"నీతో అట్లా చెప్పినాము. వారం రోజులు చొక్కా వేస్తే ఏడ్చినాడు. లారీ వెనక గుద్దితే మా కారు పోయి ముందు బస్సుకు తగులుకుంది అమ్మా. వాడు ముందుకు పోయే జోరంతా ఆ పట్టీలు పట్టుకున్నాయి, ఆ ప్లాస్టిక్ పట్టుకుంది. పిల్లవాడి ఒళ్ళే ఇట్లా అయిందంటే, వాణ్ణి పట్టుకున్న దానికి ఏమైందో ఆలోచించు."

మంగళమ్మ ఆ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి, మళ్ళీ చిన్నది చేసి చాలాసేపు చూసింది. తర్వాత లేచి పోయి సీటు ముందు నేల మీద కూచుంది. తాను కుట్టిన తొడుగులు విప్పి పక్కన పెట్టింది. కింద ఉన్న అసలు పట్టీలను వేళ్ళతో తడిమింది. ఒకచోట నేత సాగి, మిగతా పట్టీకంటే సన్నగా, నున్నగా ఉంది. పుట్టి పెరిగింది మిల్లు ఊళ్ళో. లాగి లాగి సాగిన నూలు ఎట్లా ఉంటుందో ఆమె చేతికి తెలుసు. సీటు ఉతికినప్పుడు గుడ్డ చూసింది గానీ పట్టీ చూడలేదు.

బట్టల కత్తెర తెచ్చి ఆ పట్టీలను కోసింది. మందంగా ఉన్నాయి, ఒక్క కోతకు తెగలేదు. చెయ్యి నొప్పి పుట్టింది. మధ్యలో ఒకసారి ఆగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ కోసింది. కుంకుమ బొట్టు ఉన్న గుడ్డను మాత్రం విప్పి మడిచి బీరువాలో పెట్టుకుంది. మిగతాదంతా కొడుకు చేత చెత్త లారీలో వేయించింది.

ఆ సాయంత్రమే సత్యప్రియ ఇంటికి వచ్చింది. సత్యప్రియ తలుపు తీసి పక్కకు జరిగింది. మంగళమ్మ లోపలికి వచ్చి కూచుని, ఫోను తీసి ఆ ఫోటో చూపించింది.

"నాకు ఇది చూపించలేదు సత్యా. తెలిసి ఉంటే నీ గుమ్మంలోకి ఆ సీటు తెచ్చి ఉండను."

"నేనూ మొదటే నిజం చెప్పి ఉండాల్సింది పెద్దమ్మా."

"ఉండాల్సింది," అంది మంగళమ్మ. ఆ మాట దాచుకోలేదు. "నా ముఖం మీద చెప్పి ఉంటే కోప్పడి ఉంటాను. పర్వాలేదు, కోపం పోతుంది. దొంగమాట అట్లా కాదు, రాత్రి పడుకుంటే గుర్తొస్తుంది." సత్యప్రియ ఇచ్చిన కాపీ తాగి గ్లాసు కింద పెట్టింది. "సరి, ఇప్పుడు చెప్పు. నా బండికి ఏ సీటు కావాల?"

సత్యప్రియ తాను తెలుసుకున్నదంతా చెప్పింది. పిల్ల వయసు చూసి కాదు, బరువూ ఎత్తూ చూసి కొనాల. కొక్కేలు లేని బండి కాబట్టి బెల్టుతో బిగించేదై ఉండాల. పరీక్ష చేసి ఒప్పుకున్నట్టు సీటు వెనక చీటీ అతికించి ఉండాల. ఇవన్నీ ఉన్నా, ఆ బండిలో పెట్టి చూడనిదే కొనకూడదు.

"అయితే మదురై పోదాం, బండిలోనే," అంది మంగళమ్మ. "పాపను కూడా తీసుకుందాం. చెప్పు కొనడానికి కాలు లేకుండా పోతామా?"

పోయే ముందు ఇంకో పని పడింది. తెల్ల కారు వెనక సీటుకు మంగళమ్మ పూలపూల కవరు వేయించి ఉంది. బెల్టు కొన తగిలించే బొడిపెలు ఆ కవరు కిందకు పోయి ఎన్నేళ్ళయిందో. శనివారం పొద్దున ఆడవాళ్ళిద్దరూ కలిసి కవరు పీకేసినారు. లోపల వాడిన మల్లెపూల దండ, ఒక హెయిర్‌క్లిప్పు, రఘు పోగొట్టుకున్న రబ్బరు, చీమలు. బొడిపెలు బయటికి వచ్చినాయి. మధ్యలో ఉన్న బెల్టు నడుముకు మాత్రమే, భుజానికి రాదు. అది పనికిరాదు. డ్రైవరుకు అవతలి పక్కన, వెనక ఎడమ కిటికీ వైపు సీటు పెట్టాలని సత్యప్రియ చెప్పింది. పిల్లను రోడ్డు వైపు కాక గోడ వైపు దించవచ్చు.

"ఇన్నాళ్ళూ రఘు బెల్టు లేకుండా కూచున్నాడు ఇక్కడ," అంది మంగళమ్మ. ఎవరితోనో కాదు, తనతోనే అన్నట్టు అంది.

దర్శిని తల్లి కారులో తన సీట్లో పోయింది, మంగళమ్మ తెల్ల కారులో వెనకే పోయింది. మదురై దుకాణంలో కుర్రాడు మొదట ఒక గుడ్డ మెత్త చూపించినాడు. దానికి నాలుగు పట్టీలు, కారు సీటుకు వెనకనుంచి కట్టుకోవడమే. "మడిచి సంచిలో పెట్టుకోవచ్చు మేడం, అందరూ ఇదే తీసుకుంటారు," అని అరవంలో చెప్పినాడు. సత్యప్రియ తిప్పి చూసింది. చీటీ లేదు, ఏమీ లేదు. మంగళమ్మ ఆ పట్టీని రెండు చేతులా పట్టి లాగి చూసి, "దీంతో దూడను కూడా కట్టలేము తంబీ," అని తిరిగి ఇచ్చేసింది.

తర్వాత ఒక పెద్ద సీటు తెచ్చినాడు. గ్లాసు పెట్టుకునే చోటు, తోలు అంచులు, చూడ్డానికి సింహాసనం. దర్శిని దాన్ని చూసి వదలనంది. దుకాణం ముందు ఆగిన తెల్ల కారులో పెట్టి చూసినారు. సీటు వెడల్పుకు కారు బెల్టు చుట్టూ తిరిగి రాలేదు. బెత్తెడు తక్కువ పడింది. కుర్రాడు లాగి లాగి చూసి, "పొడిగించే క్లిప్పు దొరుకుతుంది మేడం" అన్నాడు. సత్యప్రియ వద్దంది. దర్శిని ఏడుపు అందుకుంది. మంగళమ్మ పిల్లను ఎత్తుకుని రోడ్డుకు అటుపక్క చల్లటి జిగర్‌తండా తాగించడానికి తీసుకుపోయింది.

మూడోది బెల్టు అందింది గానీ బిగించినాక కూడా అటూ ఇటూ ఊగింది. కారు సీటు మధ్యలో గుంట, ఆ సీటు అడుగు చదును. రెండూ ఒకదానిమీద ఒకటి కూచోలేదు. నాలుగోది బూడిద రంగు, అలంకారం ఏమీ లేనిది. సత్యప్రియ బెల్టు దూర్చింది. మంగళమ్మ వచ్చి, చీర ఎగదోపుకుని, సీట్లో మోకాలు పెట్టి తన బరువంతా వేసి నొక్కింది. సత్యప్రియ బెల్టు లాగింది. క్లిక్కుమంది. ఇప్పుడు సీటు కింది భాగం పట్టుకుని ఊపితే సీటుతోపాటు కారే ఊగింది.

"ఇది కూచుంది," అంది మంగళమ్మ.

దర్శినిని కూచోబెట్టినారు. భుజాల పట్టీ బిగించి, దాన్ని వేళ్ళతో గిల్లి చూసింది సత్యప్రియ. మడత దొరకలేదు. సరిగ్గా ఉంది. "ఇప్పుడు మీరు విప్పి, మళ్ళీ మీరే పెట్టండి పెద్దమ్మా. రోజూ పెట్టేది మీరు కదా."

మంగళమ్మ మొదటిసారి పట్టీ మెలి పడేట్టు పెట్టింది. సత్యప్రియ చెప్పింది. రెండోసారి వదులుగా పెట్టింది. సత్యప్రియ మళ్ళీ చెప్పింది. మంగళమ్మకు చెమట పట్టింది, విసుగు కూడా పుట్టింది, కానీ వదల్లేదు. తర్వాత సరిగ్గా పెట్టింది. దుకాణం కుర్రాడు గొడుగు పట్టుకుని నిలబడి, వీళ్ళు కొంటారా కొనరా అని చూస్తున్నాడు.

కొన్నారు. దాంతోపాటు రఘుకు కింద వేసుకునే ఎత్తు సీటు కూడా ఒకటి మంగళమ్మ తీసుకుంది. పెద్దవాళ్ళ బెల్టు వాడి మెడ మీదినుంచి పోతూ ఉంది, భుజం మీదికి రావాలంటే అది కావాల. ఇంటికి పోయి చూపిస్తే రఘు కాళ్ళు నేలకేసి కొట్టినాడు. "నేను చిన్నపిల్లవాడినా? ఫ్రెండ్స్ చూస్తే నవ్వుతారు." మంగళమ్మ వాడికి వాడి అత్త కొడుకు ఫోటో చూపించలేదు. "నవ్వనీ. నేను కారు నేర్చుకున్నప్పుడు ఈ వీధంతా నవ్వింది," అని మాత్రం అంది.

సోమవారం నుంచి ఏర్పాటు మొదలైంది. పొద్దున సత్యప్రియ, మధ్యాహ్నం మంగళమ్మ. రెండు రోజులు బాగానే జరిగింది.

బుధవారం సత్యప్రియ సరుకు లెక్క చూస్తుండగా ఇంటినుంచి రావలసిన ఫోను రాలేదు. పిల్లలు చేరగానే మంగళమ్మ ఒక మిస్డ్ కాల్ ఇచ్చేది. ఆలస్యమైంది. సత్యప్రియ తానే చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. చేతిలో ప్యాకెట్టు కింద పెట్టేసింది. అళగర్‌సామి ఆమె ముఖం చూసి, ఏమీ అడగకుండానే "పో అమ్మా" అన్నాడు.

ఆమె స్కూలు దాకా పోయింది. గేటు ముందు ఎండలో తెల్ల కారు అక్కడే నిలబడి ఉంది, తలుపులు బార్లా తెరిచి. వెనక రెండు ఆటోలు, ఒక బైకు, ఇంకో కారు హారను మోగిస్తున్నాయి. వాచ్‌మన్ మూక్కన్ చేతులు ఊపుతూ అరుస్తున్నాడు. రఘు తన ఎత్తు సీటు మీద బెల్టు పెట్టుకుని, సిగ్గుతో తల వంచుకుని కూచున్నాడు. దర్శిని కారు బయట చక్రం పక్కన నేల మీద కూచుని, కాళ్ళు బార జాపి, వీధంతా వినిపించేట్టు ఏడుస్తూ ఉంది. మంగళమ్మ ఆమె పక్కన, తలమీద కొంగు కప్పుకుని నిలబడి ఉంది.

"ఏమైంది పెద్దమ్మా?" సత్యప్రియ పరుగున వచ్చింది.

"ఏమీ కాలేదు. మహారాణికి ఈరోజు సీటు వద్దట. అన్న పక్కన కూచుంటుందట."

"అమ్మా, ఒకనాటికి అట్లనే కూచోబెట్టుకుని పోండి, ఊరికే దారి ఆపినారు," అన్నాడు మూక్కన్. వెనక ఆటో వాడు కూడా అదే అన్నాడు, ఇంకొంచెం గట్టిగా.

మంగళమ్మ వెనక్కి తిరిగింది. "ఇదిగో, పక్కన చోటు ఉంది, తిప్పుకుని పో. ఆ పిల్ల కూచుంటేనే ఈ బండి కదిలేది. పట్టీ పెట్టకుండా నేను తాళం చెవి తిప్పను." మళ్ళీ పిల్ల వైపు తిరిగి, కోపం లేకుండా అంది, "ఏడువు కన్నా. ఏడుపు అయినాక చెప్పు. నాకు ఇంట్లో పనేమీ లేదు."

దర్శిని తల్లిని చూసి ఇంకొంచెం గొంతు పెంచింది. చేతులు చాపింది. సత్యప్రియ ఎత్తుకోవడానికి వంగబోయి, మంగళమ్మ ముఖం చూసి ఆగింది. వంగలేదు. ఆమె కూడా కొంగు తలమీద కప్పుకుని పక్కన నిలబడింది.

కాసేపటికి ఏడుపు వెక్కిళ్ళయింది. దర్శిని లేచి, గౌను దుమ్ము దులుపుకుని, తానే ఎక్కి సీట్లో కూచుంది. మంగళమ్మ వంగి పట్టీలు పెట్టింది. మెలి లేకుండా సరిచేసింది, లాగింది, గిల్లి చూసింది. ముందుకు పోయి కూచుని తన బెల్టు పెట్టుకుంది. మూక్కన్ దారి ఇచ్చినాడు.

"నువ్వు పనికి పో సత్యా," అంది అద్దం దించి. "ఇంటికి పోయి ఫోను చేస్తా. ఇందాక ఫోను బ్యాగులో ఉండిపోయింది, వినబడలేదు."

తెల్ల కారు మెల్లగా మలుపు తిరిగింది. సత్యప్రియ అది కనబడేంత వరకు చూసి, తన కారు ఎక్కి సత్రపట్టి దారి పట్టింది. పని దగ్గరికి చేరకముందే ఫోను ఒకసారి మోగి ఆగిపోయింది.